సిర్పూర్ పేపర్ మిల్లు: ఇప్పుడు నడుస్తున్నది ఆ పాత కంపెనీయేనా?

సిర్పూర్ పేపర్ మిల్లును ఎవరు పెట్టారు, ఎందుకు మూతపడింది, ఇప్పుడు నడుస్తున్నది ఆ పాత కంపెనీయేనా అని అడిగారు. మా నాన్న ఆ మిల్లులోనే ఫినిషింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. నేను పుట్టి పెరిగింది కాగజ్‌నగర్‌లో. చివరి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను: మిల్లు పాతదే, యజమానులు వేరు.

ముందుగా ఒక తికమక తీర్చాలి. సిర్పూర్ మిల్లు సిర్పూరులో లేదు, తెలంగాణలోని మా కాగజ్‌నగర్‌లో ఉంది. సిర్పూర్(టి) అనే ఊరు వేరే ఉంది, దాని రైల్వే స్టేషన్ సిర్పూర్ టౌన్. మా స్టేషన్ సిర్పూర్ కాగజ్‌నగర్. ఇవి చాలవన్నట్టు ఉట్నూరు వైపు సిర్పూర్(యు) అని మరొకటి. మా అక్క పెళ్లికి వచ్చిన చుట్టాలు కొందరు ఒక స్టేషన్‌కు బదులు మరో స్టేషన్‌లో దిగి, భోజనాల వేళకు చేరుకున్నారు. మిల్లు రాకముందు మా ఊరి పేరు కొత్తపేట. ఉర్దూలో కాగజ్ అంటే కాగితం. ఊరికి ఆ పేరు మిల్లు వల్లే వచ్చింది.

నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1938లో కంపెనీ ఏర్పడింది. 1942లో కాగితం తయారీ మొదలైంది. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం జోరు మీద ఉంది, దేశమంతటా కాగితానికి కరువు. ఇంత మారుమూల అడవిలో ఎందుకు పెట్టారని చాలామంది అడుగుతారు. అడవి కాబట్టే పెట్టారు. చుట్టూ వెదురు, దగ్గర్లో పెద్దవాగు నీళ్లు, బెల్లంపల్లి వైపు బొగ్గు గనులు. కాజీపేట, బల్లార్షా మధ్య రైలు మార్గం 1929కే పూర్తయింది. కాగితానికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి, తయారైన సరుకును మోసుకుపోయే రైలు కూడా ఉంది.

తరువాత మిల్లు బిర్లాల చేతికి, ఆపైన పోద్దార్ల చేతికి వెళ్లింది. ఇదే ఊళ్లో కృత్రిమ పట్టు నూలు తీసే సర్‌సిల్క్ ఫ్యాక్టరీ కూడా ఉండేది. అది 1980లలోనే మూతపడింది. కాబట్టి మూతపడిన ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో మా ఊరికి ముందే తెలుసు.

నా చిన్నతనంలో గడియారం కంటే మిల్లు సైరనే నమ్మకం. వెదురు లారీలు వరసగా లోపలికి పోతుంటే వెనక వేలాడే కొసలు రోడ్డును గీసుకుంటూ వెళ్లేవి. వెదురును ముక్కలు చేసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంలో డైజెస్టర్లనే పెద్ద పాత్రల్లో ఉడికిస్తారు. కుళ్లిన క్యాబేజీలాంటి ఆ వాసన గంధకం వల్ల వచ్చేది. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవారు, మాకు మాత్రం ఊరు దగ్గరపడిందన్న గుర్తు.

నాన్న పని కాగితాలు లెక్కపెట్టడం. దొంతర మూలను పట్టుకుని మణికట్టు కొద్దిగా తిప్పితే కాగితాలు విసనకర్రలా విచ్చుకునేవి. వేళ్లు ఐదేసి చొప్పున పరుగెత్తేవి. వంద ఐదులు వస్తే ఒక రీము. చిరుగో మడతో ఉన్న కాగితం కనబడితే లెక్క ఆపకుండానే లాగేసేవారు. నాకు ఆయన నేర్పిన విద్య ఒకటే. కాగితాన్ని ఒకవైపు చింపితే దాదాపు తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. మెషీన్ నడిచిన దిశలోనే నారలు ఎక్కువగా పరుచుకుని ఉంటాయి కాబట్టి. మీ నోటు పుస్తకంలోంచి ఒక కాగితం తీసి చింపి చూడండి.

ఇక మూతపడటం సంగతి. నష్టాలు, అప్పులు పెరిగిపోయి 2014 సెప్టెంబరులో ఉత్పత్తి ఆగింది. తెలంగాణ ఏర్పడి అప్పటికి నాలుగు నెలలైనా కాలేదు. నాన్న అంతకుముందే రిటైరయ్యారు కాబట్టి మా ఇల్లు గట్టెక్కింది. మా వీధిలో చాలామంది పని వెతుక్కుంటూ బల్లార్షాకు, హైదరాబాదుకు వెళ్లిపోయారు. మిల్లు కూలీల మీద బతికే టీ కొట్లు ఒక్కొక్కటే తలుపులు వేసుకున్నాయి. సైరన్ ఆగిపోయాక కూడా నాన్న ఆ వేళకే లేచి కూర్చునేవారు.

తరువాత వ్యవహారం దివాలా చట్టం కింద కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరింది. 2018 జులైలో ట్రిబ్యునల్ ఆమోదంతో మిల్లు జేకే పేపర్ చేతికి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం పలు రాయితీలు ఇచ్చింది. అవి లేకపోతే కొనేవాడు దొరికేవాడు కాదనే నా అభిప్రాయం. మెషీన్లు మళ్లీ తిరిగాయి. పేరు మార్చకపోవడం మంచి పని.

మిల్లు తెరిచిన తరువాత మా తమ్ముడు ఒక రీము ఇంటికి తెచ్చాడు. రాసుకోవడానికి తెస్తే, నాన్న ముందు కట్ట విప్పి మంచం మీద పరిచారు. చేతులు వణుకుతున్నాయి, కాగితం మునుపటిలా విచ్చుకోవడం లేదు. రెండుసార్లు లెక్క తప్పి, మూడోసారి ఐదువందలూ తేల్చారు. పైకాగితం మాత్రం మళ్లీ అంటించలేకపోయారు. అమ్మ దానికి పురికొస చుట్టి బీరువాలో పెట్టింది.