ఏడెకరాల్లోనూ కొర్రేనా, చిన్నోడా?

చిన్నోడా,

ఉద్యోగం మానేసి వచ్చి మన ఏడెకరాల్లో కొర్ర వేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బెంగళూరులో ఏసీ గదిలో కూర్చున్నోడికి అనంతపురం మట్టి గుర్తొచ్చిందని సంతోషమేసింది గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శనక్కాయ మొత్తం తీసేసి మొత్తం కొర్రే పెడితే ఏం మారినట్టు?

మట్టి పరీక్ష చేయించు. విత్తనశుద్ధి మరవకు. మిగతావి నీ ఫోన్లోనే దొరుకుతాయి, ఇది మాత్రం నా దగ్గర విను.

2000 ఖరీఫ్ నాటికి మన ఊరంతా శనక్కాయే. అంతకుముందు మీ జేజి జొన్నరొట్టె, కొర్రన్నం, సజ్జసంగటి వండేది, చేలోనూ అవే ఉండేవి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక కొర్రలు దంచే బాధ తప్పిందని ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు, వాళ్ళను తప్పు పట్టను, రోకలి పట్టింది వాళ్ళు. తినేవాళ్ళు తగ్గేసరికి మగవాళ్ళు చేను చుట్టూ ఉండే జొన్న సాళ్ళు కూడా ఎత్తేసి అక్కడా శనక్కాయే విత్తారు. ఆ 2000 ఖరీఫ్‌లో చిగుళ్ళు మాడి, కాండాలు నల్లబడి, చేలకు చేలే ఎండిపోయాయి. మందుల కొట్టులో ఏది చెబితే అది కొట్టారు, అప్పు మిగిలింది. కాండం కుళ్ళు వైరస్ అని తర్వాత తేల్చారు. అది గట్ల మీది వయ్యారిభామ కలుపులో ఉంటుంది, దాని పుప్పొడిని మోసుకుని తామర పురుగులనే సన్నటి పురుగులు గాలికి చేలోకి వస్తాయి. చుట్టూ నాలుగు సాళ్ళు జొన్నో సజ్జో ఎత్తుగా ఉంటే చాలావరకు అక్కడే ఆగుతాయి. ఆ సాళ్ళనే కదరా మనవాళ్ళు పీకేసింది!

అందుకే చుట్టూ సజ్జ వెయ్యి, పిట్టలు కాస్త తింటాయి, తిననీ. శనక్కాయలో ఏడు సాళ్ళకొక కంది సాలు పెట్టు, అలసంద, అనుము కలుపు, గట్టున ఆముదం. లద్దె పురుగు తల్లి రెక్కల పురుగు ముందు ఆముదం ఆకుల మీదే గుడ్లు పెడుతుంది, ఆ ఆకులు తుంచి పారేస్తే మందు ఖర్చు తగ్గుతుంది. కొర్ర రెండెకరాలు చాలు. వయ్యారిభామను పూత రాకముందే పీకించు, చేతులకు తొడుగులేసుకోమను, దద్దుర్లొస్తాయి.

ఇంకొకటి. నువ్వు పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం వరన్నం, రాత్రి నూడుల్స్ తింటూ కొర్రలు ఇంకెవరో కొంటారనుకుంటే ఎట్లా? 2023 చిరుధాన్యాల సంవత్సరమని అందరూ ఫోటోలు పెట్టారు, ఎంతమంది వంటింట్లో ఆ డబ్బా ఇంకా ఉందో కనుక్కో. వారానికి రెండు పూటలు కొర్రన్నం వండుకో, ముందు నానబెట్టు, లేకపోతే గొంతు దిగదు. మీ అపార్ట్‌మెంట్లో నాలుగిళ్ళకు రుచి చూపించి, నెలకెంత కావాలో, కందిపప్పూ అలసందలూ కూడా తీసుకుంటారో లేదో అడుగు. ఆ లెక్కనుబట్టి విత్తుదాం.

రాజీనామా ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకు. ఈ ఒక్క పంటా నేను చూసుకుంటా, నువ్వు శనాదివారాలు రా. డబ్బు కావాలంటే బయట అడగొద్దు, నన్నడుగు. మీ అమ్మకు మాత్రం చెప్పకు, ఆమెకు టెన్షనెక్కువ.

మీ పెద్దనాయన