ఎర్లీ డెసిషన్: సంతకం ఒక్క కాలేజీకే

అమెరికాలో సైన్సు, ఆర్ట్స్ కలిపి డిగ్రీ చదివించే చిన్న కాలేజీలను లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటారు. వాటి దరఖాస్తుల గురించి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: మాది బట్టల కొట్టు. అమ్మాయి సీబీఎస్‌ఈలో పన్నెండో తరగతి. ఇంజనీరింగ్ కావాలంటుంది, ఎకనామిక్స్ కూడా వదలనంటుంది. ఆమ్‌హర్స్ట్, స్వార్త్‌మోర్, స్మిత్ కాలేజీల్లో ఒకదానికి ఎర్లీ డెసిషన్ వెయ్యాలని పట్టు. మేం ఏడాదికి ఎనిమిది లక్షలు మించి పెట్టలేం. సీటొచ్చి డబ్బు చాలకపోతే ఇరుక్కుపోతామా? దేనికి వెయ్యమంటారు?
– ఒక తండ్రి, బరంపురం

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. సీటిస్తే చేరతాను, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకుంటాను అని అమ్మాయి, ఇంటి నుంచి మీరు, స్కూలు తరఫున కౌన్సెలర్ సంతకాలు చేసే ఒప్పందంతో ఒక్క కాలేజీకే ముందుగా పెట్టే దరఖాస్తు ఎర్లీ డెసిషన్. కోర్టుకెక్కే వ్యవహారం కాదుగానీ, మాట తప్పితే ఆ చెడ్డపేరు మీ అమ్మాయితో ఆగదు, ఆ స్కూలు నుంచి తర్వాత వెళ్ళే పిల్లలకూ చుట్టుకుంటుంది. అయితే కాలేజీ ఇచ్చిన ఆర్థిక సాయంతో చదివించడం మీ వల్ల కాదని తేలితే విడుదల అడగొచ్చు. సాయం కోసం గడువులోగా దరఖాస్తు పెట్టినవాళ్ళకే ఆ దారి. అందుకే, ‘ముందు సాయం వద్దని టిక్ పెట్టండి, సీటొచ్చాక అడుగుదాం’ అనే కన్సల్టెంటు మాట వినకండి. చేరేటప్పుడు సాయం అడగని విదేశీ విద్యార్థికి తర్వాత నాలుగేళ్ళూ ఇవ్వమని చాలా కాలేజీలు ముందే రాసి పెడతాయి.

ఇలాంటి కాలేజీల్లో ఫీజు, హాస్టలు, భోజనం, పుస్తకాలు అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్ల అటూ ఇటూ అవుతుంది, అంటే ఎనభై లక్షల రూపాయల దాకా. మీ ఎనిమిది లక్షలు సుమారు 9 వేల డాలర్లు. చేర్చుకున్న విద్యార్థికి లోటంతా పూడుస్తామని మీరు రాసిన మూడు కాలేజీలూ అంటాయి. కానీ లోటెంతో తేల్చేది వాళ్ళు. మీరు ఇవ్వగలమనుకున్నది ఎనిమిది లక్షలైతే, వాళ్ళ లెక్కలో అది పన్నెండు కావచ్చు, ఐదూ కావచ్చు.

ఆ లెక్క సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఆన్‌లైన్ ఫారం మీద నడుస్తుంది. అక్టోబరు 1న తెరుచుకుంటుంది. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 16. కట్టడం కష్టమని ముందుగా మెయిల్ పెడితే కొన్ని కాలేజీలు మాఫీ కోడ్ ఇస్తాయి, కొన్ని వేరే ఫారం పంపుతాయి. కొట్లున్న కుటుంబాలు దెబ్బతినేది ఈ ఫారంలోనే. ఏడాది అమ్మకం మొత్తాన్ని తెచ్చి ఆదాయం గడిలో వేస్తారు. నలభై లక్షల అమ్మకంలో సరుకు ఖరీదు, అద్దె, కరెంటు, పనివాళ్ళ జీతాలు పోగా ఇంటికొచ్చేది ఆరేడు లక్షలే కావచ్చు. గడిలో నలభై పడిందా, మీ వాటా కూడా నలభై మీదే కట్టేస్తారు.

దీనికి తిరగేసిన తప్పు మరొకటుంది. చిన్న వ్యాపారులు చాలామంది ఆదాయపు పన్నులోని అంచనా లాభం పద్ధతి కింద అమ్మకంలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దానిమీద 6 శాతం లాభంగా చూపి రిటర్ను వేస్తారు. నలభై లక్షల మీద అది మూడు లక్షల ఇరవై వేలు. రిటర్నులో మూడు లక్షల చిల్లర చూపించిన ఇల్లు ఏడాదికి ఎనిమిది లక్షలు కడతామంటే, సాయం ఆఫీసు మొదట అడిగేది ‘ఎక్కణ్ణుంచి?’ అనే. దాచుకున్నదైతే ఫిక్సెడ్ డిపాజిట్ కాగితం, మేనమామ ఇస్తానంటే ఆయన రాతపూర్వక మాట, రెండూ సెప్టెంబరులోనే దగ్గర పెట్టుకోండి. అసలు లాభానికీ రిటర్నుకూ తేడా ఎందుకొచ్చిందో చార్టర్డ్ అకౌంటెంటు చేత ఒక పేజీ రాయించండి. ఉమ్మడి ఇల్లయితే మొత్తం విలువ మీ ఖాతాలో వేసుకోకండి. ఎవరి పేరున ఉంది, వాటాదార్లు ఎందరు, పంపకాలు అయ్యాయా అన్నది ప్రత్యేక పరిస్థితుల గడిలో రెండు వాక్యాల్లో చెప్పండి. మన లెక్కల ఏడాది ఏప్రిల్‌లో, వాళ్ళది జనవరిలో మొదలవుతుందని కూడా అక్కడే ఒక మాట వెయ్యండి. రూపాయల్లో మొదలుపెడితే చివరిదాకా రూపాయలే. సున్నాలు ఇద్దరు కూర్చుని లెక్కపెట్టండి.

ఇక కాలేజీ. 2008 నుంచి ఆమ్‌హర్స్ట్ విదేశీ విద్యార్థులను కూడా సాయం అడిగారా లేదా అన్నది చూడకుండానే ఎంపిక చేస్తోంది. ఈ మధ్య బోడిన్ కాలేజీ కూడా ఆ పద్ధతికి వచ్చింది. స్వార్త్‌మోర్, స్మిత్‌లలో విదేశీయులకు ఎంత సాయం కావాలన్నది ఎంపికలో లెక్కకొస్తుంది. ఇంతవరకూ విని ‘అయితే ఆమ్‌హర్స్టే’ అనేస్తారు అందరూ. ప్రపంచంలో డబ్బు కావలసిన పిల్లలందరూ అలాగే అనుకుంటారు కాబట్టి అక్కడ తోపులాట అంత. పైగా ఆమ్‌హర్స్ట్‌లో ఇంజనీరింగ్ విభాగమే లేదు. స్వార్త్‌మోర్, స్మిత్ రెండూ ఇంజనీరింగ్ డిగ్రీ ఇస్తాయి. స్మిత్ అమ్మాయిల కాలేజీ. ఆమ్‌హర్స్ట్, మౌంట్ హోల్యోక్, హాంప్‌షైర్, యూమాస్‌లతో కలిసి ఐదు కాలేజీల కూటమిలో ఉంది కాబట్టి వాటిలో నడిచే కోర్సులకు కూడా వెళ్ళొచ్చు.

ఇంజనీరింగ్ కోరిక గట్టిదైతే నవంబరులో స్వార్త్‌మోర్‌కి వెయ్యండి. రాకపోతే జనవరి మొదట్లో ఉండే రెండో విడత ఎర్లీ డెసిషన్‌లో స్మిత్. ఇంజనీరింగ్ ‘అందరూ అంటున్నారు కాబట్టి’ అయితే, నవంబరులో ఆమ్‌హర్స్ట్, జనవరిలో స్వార్త్‌మోర్. ఈ వరస తిరగేస్తే కుదరదు, ఆమ్‌హర్స్ట్‌కు రెండో విడత లేదు. మొదటి కాలేజీ నిర్ణయం వాయిదా వేసి మిమ్మల్ని రెగ్యులర్ (మామూలు దరఖాస్తుల) జాబితాలోకి నెట్టినా మొదటి ఒప్పందం తీరిపోయినట్టే, వేరేచోట రెండో విడతకు వెళ్ళొచ్చు.

ఎర్లీలో సీట్ల శాతం ఎక్కువని చూసి మురిసిపోకండి. ఆ లెక్కలో కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్ళు కూడా ఉంటారు. ఫలితం వచ్చేది డిసెంబరు మధ్యలో, మిగతా కాలేజీల గడువులు జనవరి తొలివారంలో. ఆ రెండు మూడు వారాల్లో కొత్తగా పది దరఖాస్తులు రాయడం ఎవరి వల్లా కాదు. డిసెంబరు 10 నాటికి అన్నీ సిద్ధంగా ఉండాలి, పంపే మీట మాత్రం నొక్కకుండా.

ప్రశ్న: పదో తరగతి దాకా మా ఊళ్ళో ఒడిశా బోర్డులో చదివాను. ఇప్పుడు విశాఖలో ఇంటర్ రెండో సంవత్సరం. మా కాలేజీలో కౌన్సెలర్ అంటూ ఎవరూ లేరు. ప్రిన్సిపాల్ గారు ‘ఇవన్నీ మాకు తెలియవమ్మా’ అంటున్నారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఏం చెయ్యాలి?
– ఒక విద్యార్థిని, రాయగడ

జవాబు: ప్రిన్సిపాల్ గానీ, వైస్ ప్రిన్సిపాల్ గానీ, మీ సెక్షన్ ఇన్‌చార్జి గానీ కౌన్సెలర్ పాత్ర పోషించొచ్చు. ఆయన చెయ్యాల్సింది ఎంతో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. తెలియని పని కొండంత కనిపిస్తుంది, కాగితం మీద నాలుగు ముక్కలే. స్కూల్ రిపోర్టు ఫారం, మార్కుల పత్రాలు, ఒక ఉత్తరం, ఎర్లీ ఒప్పందం మీద సంతకం. ఇవి కాక ఫిబ్రవరి ప్రాంతంలో సగం ఏడాది మార్కులు, చివర్లో తుది మార్కులు.

చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే వెబ్‌సైటు కామన్ యాప్. అందులో వరస తప్పితే చిక్కు. ముందు కాలేజీని మీ జాబితాలో చేర్చి, దాని ప్రశ్నల్లో ఎర్లీ డెసిషన్ ఎంచుకోండి. తర్వాత సిఫారసు ఉత్తరాలు నేను చూడను అనే ఫెర్పా అంగీకారం పూర్తి చెయ్యండి. అది అయ్యాకే ప్రిన్సిపాల్ గారి మెయిల్‌కు ఆహ్వానం వెళ్తుంది. ఒకసారి ఆహ్వానం వెళ్ళాక ఫెర్పా జవాబు మార్చడం కుదరదు. ఎర్లీ ఒప్పందం కూడా అదే విభాగంలో కనిపిస్తుంది. మీ సంతకం అయ్యాక నాన్నగారికీ, కౌన్సెలర్‌కీ విడిగా మెయిళ్ళు పోతాయి. నాన్నగారికి మెయిల్ లేదని మీదే ఇవ్వకండి, ఆయన ఫోన్‌లో ఒకటి తెరవండి. కాలేజీ పేరుతో అధికారిక మెయిల్ ఉంటే అదే వాడమనండి. జీమెయిలే గతి అయితే లెటర్‌హెడ్, ముద్ర, హోదా, ఫోన్ నంబరు ఉన్న ఉత్తరంతో సర్దుకుంటుంది.

మార్కులు తొమ్మిదో తరగతి నుంచి కావాలి. తొమ్మిది, పది మీ ఊరి హైస్కూలు నుంచి, ఇంటర్ మొదటి సంవత్సరం విశాఖ నుంచి, అన్నీ ఒకే పీడీఎఫ్‌గా పేర్చి ప్రిన్సిపాల్ గారి చేత ఎక్కించండి. తొమ్మిదో తరగతి మార్కుల రిజిస్టరు వెతికించడానికే రాయగడలో వారం పడుతుంది, దసరా సెలవులకు ముందే వెళ్ళండి. బోర్డు మారింది ఎందుకో ఒక్క వాక్యం ఆయన ఉత్తరంలో పడాలి. లేకపోతే చదివేవాళ్ళు ఏదో గొడవ అనుకుంటారు. మీ బ్యాచిలో ఎంతమంది ఉన్నారు, వంద మార్కులకు ఎన్ని వస్తే మంచి మార్కులు అన్నది చెప్పే ఒక పేజీ కాలేజీ పరిచయం కూడా జత చెయ్యమనండి.

టీచర్ల ఉత్తరాలు రెండు. ఒకటి మ్యాథ్స్ లేదా ఫిజిక్స్ లెక్చరర్, రెండోది ఇంగ్లిష్. మార్కుల కోసం తీసుకున్న సంస్కృతం సారు కంటే ఇంగ్లిష్ మేడమే మేలు, సారు మీ ముఖం చూసి ఎన్నాళ్ళైందో! వీక్లీ టెస్టు ర్యాంకు ఉత్తరంలో ఎంత రాసినా ఉపయోగం తక్కువ. ఫలానా లెక్కను మీరు బోర్డు మీద వేరే దారిలో చేసి చూపించిన సంగతి, డౌట్ అవర్‌లో పక్కవాళ్ళకు చెప్పిన సంగతి రాస్తే అది మీ ఉత్తరం అవుతుంది. అలాంటివి మూడు గుర్తు చేస్తూ ఆయనకు చీటీ ఇవ్వండి.

పేరు: కామన్ యాప్, శాట్, ఐఈఎల్‌టీఎస్, సీఎస్‌ఎస్ అన్నిట్లో పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా. మార్కుల పత్రాల్లో ఉన్నదీ పాస్‌పోర్టులో ఉన్నదీ ఒకే మనిషి పేరని ప్రిన్సిపాల్ గారు ఒక వాక్యం రాస్తే చాలు. ఇది చదివే మిగతావాళ్ళకు ఒక హెచ్చరిక. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ముందుపేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ముందుపేరు తెలియదు) అని పడుతుంది. దిద్దించుకోవాలంటే దరఖాస్తులకు ముందే దిద్దించుకోండి.

ప్రశ్న: విలియమ్స్ ఏళ్ళ తరబడి ర్యాంకుల్లో మొదటిది. మా అబ్బాయిని దానికి తక్కువ దేనికీ వెయ్యనివ్వను. సరైనదేనా?
– ఒక ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: కాదనే మా అభిప్రాయం, మాస్టారూ. మొదటి పాతిక కాలేజీల మధ్య ర్యాంకు తేడా చదువులో కనిపించదు. చదువు నడిచే తీరులో తేడా మాత్రం చాలా ఉంది. విలియమ్స్‌లో ట్యుటోరియల్ అని ఉంది, ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసరు. ఒకరు వ్యాసం రాసి వినిపిస్తే రెండోవాడు దాన్ని చీల్చి చెండాడాలి. మాట పెగలని పిల్లవాడికి మొదట్లో నరకం, మాటకారికి పండగ. ఆమ్‌హర్స్ట్, గ్రినెల్‌లలో తప్పనిసరి సబ్జెక్టుల జాబితా దాదాపు లేదు, మొదటి ఏడాది ఒక్క సెమినార్ తప్ప. ఏం చదవాలో తెలిసినవాడికి అది వరం. కార్ల్‌టన్‌లో ఏడాదికి పదేసి వారాల టర్ములు మూడు. జ్వరంతో వారం పడుకుంటే టర్ములో పదోవంతు పోయినట్టే. స్వార్త్‌మోర్ మొదటి సెమిస్టరులో గ్రేడ్లు లెక్కకు రావు, మన బోర్డుల నుంచి వెళ్ళే పిల్లలు కుదురుకోవడానికి అది పనికొస్తుంది.

అబ్బాయి చేత ఒక పని చేయించండి. తనకు కావలసిన సబ్జెక్టులో ఒక్కో కాలేజీకి ఎంతమంది పూర్తికాలం ప్రొఫెసర్లున్నారో లెక్కపెట్టించండి. తర్వాత కేటలాగు పక్కన పెట్టి, గత రెండు సెమిస్టర్లలో నిజంగా నడిచిన కోర్సుల టైంటేబుల్ తెరవమనండి. కేటలాగులో ముప్ఫై కోర్సులుంటాయి, నడిచేవి పన్నెండు. అందులో మూడో నాలుగో ఏడాదివి ఎన్ని? రెండు వేల మంది చదివే కాలేజీలో ఇద్దరు ప్రొఫెసర్లున్న విభాగంలో ఒకరు సెలవు మీద వెళ్తే ఆ ఏడాది సగం చదువు ఆగినట్టే. ఈ లెక్క వేశాక కూడా విలియమ్సే నిలిస్తే నిక్షేపంగా వెయ్యండి. అక్కడా ఎర్లీకి రెండో విడత లేదు.

ప్రశ్న: మాకు కిరాణా కొట్టు. సాయంత్రాలు నేనే కూర్చుంటాను. క్లబ్బులు, పోటీలు, ఎన్‌జీవోలు ఏవీ లేవు. పది యాక్టివిటీల గడులు ఖాళీయేనా?
– ఒక విద్యార్థి, జయపురం

జవాబు: కొట్టే మీ మొదటి గడి. కామన్ యాప్ జాబితాలో కుటుంబ బాధ్యతలు అనే రకం విడిగా ఉంది. వివరణకు ఖాళీలతో సహా 150 అక్షరాలే కాబట్టి ‘నాన్నకు వ్యాపారంలో సాయపడతాను’ అని దండగ చెయ్యకండి. ‘సాయంత్రం 6–9 కౌంటరు, అరువు ఖాతా పుస్తకం, శనివారం సరుకు లెక్క, తెలుగు, ఒడియా, దేశియాల్లో బేరాలు’ అన్న సంగతిని ఇంగ్లిష్‌లో కుదించండి. రోజుకు మూడు గంటలు, వారానికి ఆరు రోజులైతే గంటల గడిలో 18. పెంచి 40 వెయ్యకండి. ఇంటర్ క్లాసులు, ట్యూషన్, నిద్ర కలిపి కూడితే వారానికున్న 168 గంటలు దాటిపోతే దొరికిపోతారు. తమ్ముడికి చదువు చెప్పడం, అమ్మమ్మను ఆసుపత్రికి తిప్పడం కూడా రాయదగినవే. పదీ నింపాలని లేదు, నిజమైనవి ఐదు చాలు. కన్సల్టెంట్లు అమ్మే రెండు వారాల ఆన్‌లైన్ ‘రీసెర్చి’ కొనకండి.

ప్రశ్న: ఎర్లీలో సీటొస్తే జేఈఈ రాయకూడదా? మన దేశంలో వేరే దరఖాస్తులు పెట్టుకోవచ్చా?
– ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: జేఈఈ రాయొచ్చు, చేరడం కుదరదు. క్రియా, అశోకా, అజీం ప్రేమ్‌జీ లాంటి మన దేశపు విశ్వవిద్యాలయాలకు ముందే దరఖాస్తు పెట్టుకోండి. ఎర్లీ సీటు ఖాయమై సాయం కూడా సరిపోయిందంటే ఆ రోజే అవి వెనక్కి తీసుకోండి. బోర్డు పరీక్షలు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తుది మార్కులు బాగా పడిపోతే ఇచ్చిన సీటు రద్దు చేసే హక్కు కాలేజీకి ఉంటుంది. కాలేజీ నుంచి ఐ-20 అనే ప్రవేశ పత్రం వచ్చాక, విదేశీ విద్యార్థుల నమోదు కోసం 350 డాలర్ల సెవిస్ రుసుము కట్టి వీసాకు వెళ్ళాలి. ఒడిశా వాళ్ళ కాన్సులేటు హైదరాబాదు.