గుంత సంగతి ముందు తేల్చు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పంచాయతీ కార్యదర్శిగా చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఇంటింటికీ మరుగుదొడ్డి ఉన్నా మగవాళ్లు పొద్దున్నే చెంబు పట్టుకుని చెరువు గట్టుకే పోతున్నారని రాశావు. వాళ్లకి బుద్ధులు చెప్పబోకు. నేను చూసిన ఊళ్లలో ఎక్కువగా ఉన్నది దొడ్డి మలం చేరే గుంత నిండిపోతుందన్న భయం. "నిండితే ఎవరు తీస్తారు?" అని దొడ్డిని ముసలాళ్లకీ ఆడవాళ్లకీ వదిలేసి, తాము బయటికి పోతారు.

అందుకని ముందు ప్రతి ఇంట్లో జంక్షన్ పెట్టె, అంటే దొడ్డి నుంచి వచ్చే మలాన్ని రెండు గుంతల్లో ఒకదానికి మళ్లించే చిన్న తొట్టి, మూత తీయించి చూడు. రెండు గుంతల దొడ్డిలో ఒకసారికి ఒక గుంతే వాడాలి, రెండో దారిని ఇటుక ముక్కా మట్టీ పెట్టి మూసేయాలి. చాలాచోట్ల రెండు దారులూ తెరిచే ఉంటాయి, లేదా మొదటి గుంత నిండి రెండో దాంట్లోకి పొర్లేలా గొట్టం వేసేస్తారు. అలా కడితే రెండూ ఒకేసారి నిండి కూర్చుంటాయి, ఆ ఇంటివాళ్ల భయమే నిజమవుతుంది. గోడలో ఇటుకల మధ్య సందులు ఉండాలి, అడుగున సిమెంటు వేయకూడదు. నల్లరేగడి అయితే నీరు త్వరగా ఇంకదు, గుంత గోడ చుట్టూ బయట ఒక అడుగు మందాన ఇసుక పోయించు. మంచినీళ్ల బావికి కనీసం 10 మీటర్ల దూరం చూసుకో.

నిండిన గుంతను మూసి రెండేళ్లు వదిలేస్తే లోపలిదంతా పొడి మట్టి అయిపోతుంది. పార వేస్తే పొడిపొడిగా రాలుతుంది, వాసన ఉండదు. ఇది నోటితో చెబితే ఎవరూ నమ్మరు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ అలాంటి గుంతలోకి తనే దిగి ఎరువు ఎత్తిపోశారు. నువ్వూ సర్పంచి గారూ కలిసి ఊరి మధ్యలో ఒక పాత గుంత తెరిపించండి, రెండేళ్లు నిండిందో లేదో మాత్రం ఖాయం చేసుకో. ఆ ఎరువు ఆ ఇంటివాళ్ల పెరట్లోని చెట్లకే వేయించు.

ఒక్క విషయంలో మాత్రం మెత్తబడకు తల్లీ. గుంత తీయడానికి "ఆ కులం వాళ్లను పిలుద్దాం" అని ఎవరన్నా అంటే అక్కడే ఆపు. పచ్చి మలం మనుషులతో చేత్తో ఎత్తించడం 2013 చట్టం ప్రకారం నేరం. చట్టం లేకున్నా అది ఘోరమే. మట్టిగా మారినదాన్ని ఇంటివాళ్లే తీసుకోవచ్చు, అందుకే రెండు గుంతలు.

వానలు పడకముందే ఊళ్లోని తాపీమేస్త్రులందర్నీ కూర్చోబెట్టి ఆ జంక్షన్ పెట్టె ఎలా కట్టాలో చేసి చూపించు. దొడ్లో యాసిడ్ పోయొద్దని ఆడవాళ్లకి చెప్పు, మలాన్ని మట్టి చేసే క్రిములు చచ్చిపోతాయి.

మీ మామయ్య