ఓటమి ఎరుగని జట్టు ఎందుకు మూతపడింది?

ప్రశ్న: అమెరికా క్రీడల గురించి చదువుతుండగా క్వాడ్ సిటీ స్టీమ్‌వీలర్స్ అనే ఇండోర్ ఫుట్‌బాల్ జట్టు పేరు కనిపించింది. 2000లో ఆడిన ప్రతి మ్యాచ్‌నూ గెలిచిన ఆ జట్టు 2009 తరువాత ఆడనే లేదట. అంతటి జట్టు ఎందుకు మూతపడింది? అసలు ఇండోర్ ఫుట్‌బాల్ అంటే ఏమిటి? – ఒక పాఠకుడు

జవాబు: ముందుగా ఆట సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే జట్టు గతి కూడా అందులోనే ఉంది. 1981లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ (మనం ఫుట్‌బాల్ అనేది) మ్యాచ్ చూస్తూ, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్‌ను కూడా ఇలా పైకప్పు కింద ఆడించవచ్చు కదా అని జిమ్ ఫోస్టర్ అనే ఆయన అప్పటికప్పుడే ఒక కవరు మీద మైదానం బొమ్మ గీశాడు. నాలుగు జట్లతో 1987లో ఎరీనా ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. ఆరుబయట ఆటలో మైదానం నూరు గజాలు, జట్టుకు పదకొండు మంది. ఇక్కడ మంచు హాకీ ఆడే స్థలంలోనే ఇమిడేలా మైదానం 50 గజాలు, జట్టుకు ఎనిమిది మంది. మైదానం చుట్టూ మెత్తలు తొడిగిన గోడలుంటాయి. గోల్ స్తంభాలకు ఇరుపక్కలా 30 అడుగుల వెడల్పు, 32 అడుగుల ఎత్తు ఉన్న వలలు బిగిస్తారు. గురి తప్పిన బంతి వాటికి తగిలి వెనక్కి వస్తే ఆట ఆగదు, ఎవరు పట్టుకుంటే వారు పరుగెత్తవచ్చు. స్థలం చిన్నది కనుక పాయింట్లు వెల్లువెత్తుతాయి, ఒక్కో జట్టు యాభై అరవై పాయింట్లు చేయడం అక్కడ మామూలే. ఆ వలల మీద 1990లో ఫోస్టర్‌కు పేటెంట్ కూడా దక్కింది, అందుకే చాలాకాలం పోటీ లీగులు వలలు లేకుండానే ఆడుకోవలసి వచ్చింది.

ఎరీనా ఫుట్‌బాల్ లీగ్ చిన్న పట్టణాల కోసం 2000లో ఏఎఫ్‌2 అనే రెండో శ్రేణి లీగ్‌ను ప్రారంభించింది. ఐయోవా బార్న్‌స్టార్మర్స్ అనే ఎరీనా జట్టులో ఆడి ఎదిగిన కర్ట్ వార్నర్ ఆ ఏడాది జనవరిలోనే సెయింట్ లూయిస్ రామ్స్ జట్టుకు అమెరికన్ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిపించి ఉండడంతో, ఇలాంటి జట్ల మీద ఆశలు అప్పుడు ఆకాశాన్ని అంటుతున్నాయి. మిసిసిపీ నదికి ఒక ఒడ్డున ఐయోవాలోని డావెన్‌పోర్ట్, బెటెన్‌డార్ఫ్, మరో ఒడ్డున ఇల్లినాయ్‌లోని రాక్ ఐలాండ్, మొలీన్ కలిసిన ప్రాంతాన్ని క్వాడ్ సిటీస్ అంటారు. ఆ నదిలో తిరిగిన చక్రాల ఆవిరి పడవలను తలపించే పేరుతో స్టీమ్‌వీలర్స్ జట్టు మొలీన్‌లో వెలసింది. మొదటి సీజన్‌లో ఫైనల్‌తో కలిపి 19 మ్యాచ్‌లు ఆడి పందొమ్మిదీ గెలిచింది, 2001లో మళ్లీ కప్పు నిలబెట్టుకుంది. ఏ క్రీడలోనైనా ఇది గొప్ప సంగతి, దీనిని చిన్న లీగ్ సంగతి అని తీసిపారేయడం నాకు న్యాయంగా తోచదు.

ఇంతకూ మూతపడడానికి గెలుపోటములతో సంబంధం లేదు. ఏఎఫ్‌2 క్రీడాకారుడికి మ్యాచ్‌కు దాదాపు 200 డాలర్లు మాత్రమే ఇచ్చేవారు కనుక చాలామంది పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవారు. జీతాలు ఇంత తక్కువైనా ఖర్చు తక్కువ కాదు: హాలు అద్దె, దూర ప్రయాణాలు, బస, బీమా, వైద్యం అన్నీ భరించాలి. పదహారు మ్యాచ్‌ల సీజన్‌లో సొంత ఊళ్లో జరిగేవి ఎనిమిదే. పెద్ద లీగులను పోషించే టీవీ సొమ్ము వీరికి లేదు. టికెట్లూ, ఊరి వ్యాపారుల ప్రకటనలే ఆధారం. ఎంత గెలిచినా ఆ ఎనిమిది రాత్రులు తొమ్మిదవవు.

ఇక అసలు దెబ్బ పైనుంచి పడింది. ఏఎఫ్‌2లో అధిక వాటా దాన్ని ప్రారంభించిన ఎరీనా లీగ్‌దే. ఆర్థిక మాంద్యంలో ఆ లీగ్ తన 2009 సీజన్‌ను రద్దు చేసుకుని, ఆ ఏడాదే దివాలా తీసింది. ఏఎఫ్‌2 మాత్రం 2009 సీజన్ ఆడి ముగించింది కానీ, వేరు కుళ్లిన చెట్టుకు కొమ్మ ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ లీగ్‌తో పాటే మొలీన్ జట్టూ ఆగిపోయింది. జట్టు ఊరిది, అభిమానం ఊరిది, బతుకు మాత్రం మరెక్కడో ఉన్న లెక్కల పుస్తకం చేతిలో ఉండడమే ఇందులో నన్ను నొప్పించే విషయం.

ప్రశ్న: స్టీమ్‌వీలర్స్ ఇప్పటికీ ఆడుతున్నారని మిత్రుడు వాదిస్తున్నాడు. ఎవరిది నిజం? – మరో పాఠకురాలు

జవాబు: మీ మిత్రుడి మాటా నిజమే. 2018లో అదే ఊళ్లో, అదే హాలులో, అదే పేరుతో మరో జట్టు ఆడడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది నుంచి ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడుతోంది. కానీ అది వేరే లీగ్‌లో కొత్తగా పుట్టిన జట్టు. ఏఎఫ్‌2 ముగిశాక అందులోని స్పోకేన్ షాక్ వంటి జట్లు 2010లో తిరిగి మొదలైన ఎరీనా లీగ్‌లోకి వెళ్లి నిలబడ్డాయి, స్పోకేన్ అయితే ఆ ఏడాదే కప్పు కూడా గెలిచింది; స్టీమ్‌వీలర్స్‌కు అలాంటి కొనసాగింపు దొరకలేదు. పేరు తిరిగి రావడం అభిమానులకు సంతోషమే, అయినా 2000, 2001 కప్పులను కొత్త జట్టు ఖాతాలో రాయడం సరికాదు. అవి మ్యాచ్‌కు 200 డాలర్లకు ఆడిన ఆ మొదటి జట్టువే.