తమ్ముడి సినిమా చదువుకు అక్క సంతకం

ప్రశ్న: నా వయసు 29, ఉద్యోగం స్థిరంగానే ఉంది. నాన్న రిటైరయ్యారు, ఇంటి ఖర్చు నేనే చూసుకుంటాను. మా తమ్ముడికి డిజిటల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ప్రొడక్షన్‌లో మూడేళ్ల డిగ్రీకి యూనివర్సిటీ సీటు వచ్చింది. ఫీజు, అక్కడ ఉండే ఖర్చు, కెమెరా, కంప్యూటర్ అన్నీ కలిపి ఒకే లోన్ తీసుకుందామని, నన్ను కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టమని అడుగుతున్నాడు. బాబాయి మాత్రం ‘ఆ డబ్బుతో ఒక సినిమానే తీసేయొచ్చు కదా, డిగ్రీ ఎందుకు’ అంటున్నారు. నాలుగేళ్లలో ఇల్లు కొనాలని కొంత దాచుకున్నాను. సంతకం పెట్టనా, వద్దా? నా అంకెలన్నీ విడిగా రాశాను, దయచేసి వాటిని అచ్చులో వేయకండి. (ఒక అక్క)

జవాబు: పెట్టండి. కానీ మీ తమ్ముడు తెచ్చిన కాగితం మీద మాత్రం వద్దు. అందులో ఉన్న మొత్తంలో సగానికి ఇంకో కాగితం తెమ్మనండి, దాని మీద పెట్టండి.

మీ అంకెలు బయట పెట్టవద్దన్నారు కాబట్టి తమ్ముడు వేసుకున్న మొత్తం ఖర్చును 100 అనుకుందాం. మిగతావన్నీ అదే కొలతలోకి మార్చాను. ఫీజు 58. మూడేళ్లు అక్కడ ఉండటానికి 24. కెమెరా, లెన్సులు, కంప్యూటర్‌కు 18. మీ చేతికొచ్చే నెల జీతం 4, ఇంటి ఖర్చులు పోగా మిగిలేది 1.4. ఇప్పటిదాకా దాచింది 55, అందులో 30 ఇంటి కోసం. లోన్ మీద వడ్డీ ఏడాదికి 10 శాతం. చదువు అయిన ఆరు నెలలకు వాయిదాలు మొదలై పదేళ్లు నడుస్తాయి.

100కి 100 అప్పు చేశారనుకోండి, ఏడాదికి మూడో వంతు చొప్పున, ప్రతి ఏడాది మొదట్లో. మొదటి వాయిదా కట్టే రోజుకు ఒట్టి బారువడ్డీయే 25 అవుతుంది. అది అసలులో కలిసిపోతే మీరు కట్టాల్సింది 125. దాని ఈఎంఐ 1.65. పదేళ్లకు మొత్తం 198. తీసుకున్న దానికి దాదాపు రెట్టింపు. అంతకన్నా ముఖ్యం, మీ నెల మిగులు 1.4, ఈఎంఐ 1.65. అంటే తమ్ముడి సంపాదన ఒక్క నెల ఆగినా మీ ఇంటి ఖర్చులోంచి తీసి కట్టాలి. కో-అప్లికెంట్ అంటే సాక్షి సంతకం కాదు. బ్యాంకు దృష్టిలో ఆ అప్పు మొదటి రోజు నుంచీ మీది కూడా.

‘చదువయ్యాక వాడే కట్టుకుంటాడు’ అని ఉత్తరంలో రాశారు. కడతాడనే నేనూ అనుకుంటున్నాను. కానీ ఎప్పుడు కడతాడన్నది వేరే సంగతి. ఈ రంగంలో చాలామందికి నెల జీతం ఉండదు, ప్రాజెక్టు లెక్కన, రోజు లెక్కన పని. ఆరు వారాలు ఊపిరి తీసుకోవడానికి కూడా తీరికలేని షూటింగ్, ఆ తర్వాత రెండు నెలలు ఫోన్ మోగదు. పని దొరికినా డబ్బు వెంటనే రాదు. ఇన్వాయిస్ ఇచ్చిన నెలకో రెండు నెలలకో వస్తుంది. జనవరిలో పని చేసి మార్చిలో డబ్బు చూసేవాళ్లు కోకొల్లలు. ఈఎంఐకి ఈ సంగతులేవీ పట్టవు, ప్రతి నెలా అదే తారీఖుకు వచ్చి నిలబడుతుంది. నా దగ్గరకొచ్చే సౌండ్ రికార్డిస్ట్ ఒకరు ఏడాది మొత్తం మీద చూస్తే బాగానే సంపాదిస్తారు. అయినా మూడు వాయిదాలు తప్పాయి. డబ్బు లేక కాదు, రావాల్సిన డబ్బు ఆ తారీఖుకు రాక. అందుకే ఇలాంటి చదువులకు అప్పు ఎంత చేయాలన్నది మంచి నెల చూసి తేల్చకూడదు. ఏమీ రాని నెలలో ఎంత కట్టగలరో అంతే చేయాలి. ఇప్పుడు ఆ కట్టాల్సిన మనిషి మీరు.

కోర్సు పేరులో ‘ఫిల్మ్’ అన్న మాట మీ తమ్ముడిని లాగి ఉంటుంది. నన్ను లాగింది ‘టెలివిజన్’ అన్న మాట. దర్శకుడి కుర్చీ ఒకటే ఉంటుంది. కానీ రోజూ ప్రసారం నడవాలంటే మల్టీ కెమెరా స్టూడియోలో విజన్ మిక్సర్ (ఏ కెమెరా దృశ్యం ప్రసారంలోకి వెళ్లాలో మార్చే మనిషి) కావాలి, సౌండ్ మనిషి కావాలి, ఎడిట్ అసిస్టెంట్ కావాలి, ప్లేఅవుట్ (కార్యక్రమాలను వరసగా ప్రసారంలోకి పంపే పని) చూసుకునేవాళ్లు కావాలి. వార్తలకూ క్రీడల ప్రసారాలకూ రోజూ మనుషులు అవసరమే. కంపెనీలకు, స్కూళ్లకు, ఆసుపత్రులకు వీడియోలు చేసిపెట్టే పనీ ఉంది. గొప్పగా చెప్పుకునే పని కాకపోవచ్చు, కానీ నెల గడుస్తుంది. రెండో ఏడాదిలో స్టూడియో, లైవ్ ప్రొడక్షన్ పేపర్లు ఎంచుకునే వీలుంటే తప్పకుండా తీసుకోమనండి. మూడేళ్లూ స్క్రిప్టులే రాస్తూ కూర్చుంటే నా లెక్క తప్పుతుంది.

బాబాయి మాట కొట్టిపారేయను. సినిమా తీయడానికి పట్టా ఎవరూ అడగరన్నది నిజమే. కానీ 18 ఏళ్ల కుర్రాడు అప్పు డబ్బుతో తీసే మొదటి సినిమాలో తప్పులుంటాయి, ఉండాలి కూడా. ఆ తప్పులు తన డబ్బు మీద జరుగుతాయా, యూనివర్సిటీ సామాను మీద జరుగుతాయా అన్నదే తేడా. ఫీజుకు బదులుగా దొరికేది ముఖ్యంగా మూడు. తాళం తీసి వాడుకోగల పరికరాల గది. తప్పు చెప్పే గురువులు. పదేళ్ల తర్వాత కూడా ‘రేపు ఖాళీయా, పని ఉంది’ అని ఫోన్ చేసే తోటి విద్యార్థులు. ఫ్రీలాన్స్ పనులు ఎక్కువగా తెలిసినవాళ్ల ద్వారానే వస్తాయి కాబట్టి నా దృష్టిలో చివరిదే అన్నిటికన్నా విలువైనది.

అయితే ఆ పరికరాల గది నిజంగా ఉందో లేదో కనుక్కోవాలి. ఫీజు కట్టేముందు తమ్ముడి చేత యూనివర్సిటీకి ఒక మెయిల్ పెట్టించండి. ఒక్కో విద్యార్థికి కెమెరా, సౌండ్ కిట్ వారానికి ఎన్ని రోజులు దొరుకుతాయి? సెలవుల్లో ఇస్తారా? పోతే, పగిలితే ఇన్సూరెన్స్ ఎవరిది? చివరి ఏడాది సినిమాకు బడ్జెట్ డిపార్ట్‌మెంట్ ఇస్తుందా, పిల్లలే పోగుచేసుకోవాలా? ఆ సినిమా మీద కాపీరైట్ ఎవరిది? ఇది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. తరగతిలో 30 మంది ఉండి ఏడాదికి ఆరు సినిమాలే తీస్తే, 24 మంది డైరెక్ట్ చేయకుండానే బయటికొస్తారు. అది తప్పేమీ కాదు, బూమ్ (కర్ర చివర మైకు) పట్టుకునో కెమెరా ఫోకస్ సరిచేస్తూనో పని నేర్చుకున్నవాళ్లకే ముందుగా పని దొరకవచ్చు. కానీ డైరెక్షన్ అనుకుని వెళ్లేవాడికి ఈ సంగతి ముందే తెలియాలి.

ఇక కెమెరా. ఇక్కడ నేను మొండివాణ్ణి. అప్పు చేసి కెమెరా బాడీ (లెన్సు కాకుండా మిగతా కెమెరా) కొనవద్దు. 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 అనే ఫొటో కెమెరా ఫుల్ హెచ్‌డీ వీడియో తీయడం మొదలుపెట్టినప్పుడు కుర్రాళ్లు ఎగబడి కొన్నారు. మరో పదేళ్లకు, 2018లో, బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ జేబు కెమెరాలోనే 4కే, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్ల వీడియో, వచ్చేసింది. పెద్ద కెమెరాలకూ ఇదే గతి. 2010లో వచ్చిన ఆరీ అలెక్సా ప్రపంచంలో ఎన్నో పెద్ద సినిమాలకు వాడిన కెమెరా. దాని సెన్సర్ 4కే కన్నా తక్కువ కావడంతో, నెట్‌ఫ్లిక్స్ తన ఒరిజినల్స్‌కు 4కే కెమెరా ఉండాలని షరతు పెట్టాక, ఆమోదించిన కెమెరాల జాబితాలో దానికి చోటు దొరకలేదు. బొమ్మ ఏమీ చెడలేదు, షరతు మారిందంతే. పదేళ్ల లోన్‌తో కొన్న కెమెరా బాడీ, లోన్ సగం తీరకముందే పాతదైపోతుంది. అవసరమైన రోజున అద్దెకు తెచ్చుకోవచ్చు. చేతులు ఊరుకోకపోతే, ఒకటి రెండు మంచి లెన్సులో, ఒక మైకూ రికార్డరో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోమనండి. అవి కెమెరా బాడీ అంత త్వరగా పాతబడవు. మళ్లీ అమ్మినా డబ్బు వస్తుంది.

కంప్యూటర్ మాత్రం కావాలి. అందులో పిసినారితనం వద్దు. సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం పొదుపు చేయవచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే అడోబీ 2013లో నెలవారీ చందా పద్ధతికి మారిపోయింది, విద్యార్థి ధర ఉన్నా చదువయ్యాక పూర్తి చందా కట్టాల్సిందే. డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కు ఉచిత వెర్షన్ ఉంది, ఎడిటింగ్, కలర్ గ్రేడింగ్ (రంగులు సరిదిద్దడం) నేర్చుకోవడానికి అది చాలు. యూనివర్సిటీ లైసెన్సులు ఇస్తుందేమో కూడా అడగండి.

తమ్ముడి లిస్టులో నాకు కనపడనిది హార్డ్ డిస్కులు. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే వీడియో ఫార్మాట్‌లో 4కే యూహెచ్‌డీ, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తే గంట ఫుటేజ్‌కు సుమారు 320 జీబీ పడుతుంది. 15 నిమిషాల సినిమాకు పదింతలు షూట్ చేశాడనుకుంటే రెండున్నర గంటలు, అంటే 800 జీబీ. బుద్ధున్నవాడెవడూ రషెస్ (ఎడిట్ చేయని ఫుటేజ్) ఒకే డిస్కులో ఉంచడు, మూడు కాపీలు తీస్తాడు. ఒక్క చిన్న సినిమాకే 2.4 టీబీ. ఇంకోటి సంగీతం. పాట వాడాలంటే రెండు అనుమతులు కావాలి, ఒకటి బాణీకి, మరొకటి ఆ రికార్డింగ్‌కు. క్లాసులో చూపించినప్పుడు ఎవరూ అడగరు, ఫెస్టివల్‌కు పంపేటప్పుడు మెడకు చుట్టుకుంటుంది. ఫెస్టివల్స్‌లో చాలావాటికి ఎంట్రీ ఫీజు కూడా ఉంటుంది. లోన్ అప్లికేషన్‌లో వీటికి గడి ఉండదు.

ఇప్పుడు నా లెక్క. సామాను 18లోంచి కంప్యూటర్‌కు, డిస్కులకు 5 ఉంచి మిగతాది కొట్టేశాను. మొత్తం 87కు దిగింది. లోన్ 50 మాత్రమే, అదీ ఫీజుకే. ఫీజులో మిగిలిన 8, కంప్యూటర్ 5 కలిపి 13 మీ దాచిన డబ్బులోంచి ఇవ్వండి. ఇంటి కోసం పెట్టిన 30 ముట్టుకోవద్దు, మిగతా 25 లోంచే. ఉండే ఖర్చు 24 అంటే నెలకు 0.67. అది మీ నెల మిగులులోంచి వెళ్తుంది. సెలవుల్లో షూటింగులకు రన్నర్‌గా, అంటే చిన్నచిన్న పనులు చేసే సహాయకుడిగా, వెళ్లి కొంత తెచ్చుకుంటే మీకు అంత తేలిక, కానీ లెక్కలో నేను దాన్ని కలపలేదు.

చదువు నడుస్తున్నప్పుడే వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేయండి. మొదటి ఏడాది నెలకు 0.14, రెండో ఏడాది 0.28, ఆ తర్వాత 0.42. మొత్తం 12.5. ఇలా చేస్తే వాయిదాలు మొదలయ్యే రోజుకు అసలు 50 దగ్గరే ఉంటుంది, ఈఎంఐ 0.66. వడ్డీని పేరుకోనిస్తే అదే 0.83 అయ్యేది.

25లో 13 పోగా 12 మిగిలింది కదా. దాన్ని విడిగా, ఎప్పుడైనా తీసుకోగలిగే డిపాజిట్‌లో పెట్టి మర్చిపోండి. 0.66 చొప్పున అది 18 నెలల వాయిదాలకు సరిపోతుంది. చదువయ్యాక కుదురుకోవడానికి అతనికి దొరికే గడువు అదే. ఆ 18 నెలలు వాయిదా భయంతో ఏ పని పడితే ఆ పనికి ఒప్పుకోకుండా, నాలుగు చోట్ల చేసి తన పని ఏదో తేల్చుకోగలుగుతాడు.

తమ్ముడితో ఒప్పందం నోటిమాటగా వద్దు, ఒక పేజీ రాసుకోండి. అక్కాతమ్ముళ్ల మధ్య కాగితం ఏమిటని అమ్మ అనవచ్చు, అననివ్వండి. నెలకు ఇంత అని రాయవద్దు, అతనికి నెలలు సమానంగా ఉండవు. వచ్చిన ప్రతి ఇన్వాయిస్‌లో 20 శాతం ఒక ఉమ్మడి ఖాతాలో వేయాలని రాయండి. ఈఎంఐ ఆ ఖాతాలోంచే పోతుంది, తక్కువ పడ్డ నెల పైన చెప్పిన 12 లోంచి. ఆ ఖాతాలో ఏడాది వాయిదాలకు మించి పోగైతే మిగతాది అసలుకు కట్టేయండి. ముందుగా కడితే జరిమానా ఉందేమో లోన్ పత్రంలో ఇప్పుడే చూసుకోండి. అలాగే అతని పేరు మీద 50కి తగ్గకుండా టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా, అతనికేమైనా అయితే బాకీ మీ మీదే నిలుస్తుంది.

ఇల్లు ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది, అది మాత్రం ఒప్పుకోక తప్పదు. ఉండే ఖర్చు, వడ్డీ కట్టాక నెలకు మీకు మిగిలేది మొదట్లో 0.59, మూడో ఏడాదికి 0.31. పైగా మీరు హోమ్ లోన్‌కు వెళ్లేసరికి ఈ లోన్ వాయిదా మొదలై ఉంటుంది. తమ్ముడే కడుతున్నా ఆ 0.66ను బ్యాంకు మీ బాధ్యతల్లోనే లెక్కేసి, ఇచ్చే అప్పు తగ్గిస్తుంది. అతను ఒక్క వాయిదా ఆలస్యం చేసినా మీ క్రెడిట్ రికార్డులోనూ పడుతుంది. అందుకే ఆ ఉమ్మడి ఖాతా లాగిన్ మీ ఫోన్‌లో కూడా ఉండాలి.

లోన్ పత్రాలు ఈ వారమే ఇవ్వాలని రాశారు. లోన్ మొత్తాన్ని తగ్గించి కొత్త దరఖాస్తు పెట్టడానికి ఎన్ని రోజులు పడుతుందో బ్యాంకును అడగండి. యూనివర్సిటీ నుంచి జవాబు రావడానికీ టైం పడుతుంది, కాబట్టి ముందు ఆ మెయిల్ పంపించండి. చివరి ఏడాది సినిమా ఖర్చు విద్యార్థులదే అని వాళ్లు రాస్తే మాత్రం 50ని 55 చేయకండి. ఆ ఖర్చు ఎంత, తరగతిలో ఎంతమంది పంచుకుంటారో కనుక్కుని నాకు మళ్లీ రాయండి, 12 లోంచి ఎంత తీయవచ్చో చూద్దాం.