సూదికి ముందు కుర్చీ సంగతి చూసుకో

చి. సౌ. అమ్మడికి పెద్దనాన్న ఆశీస్సులు.

మాజీ సైనికుల క్లినిక్‌లో చేరుతున్నావని తెలిసి సంతోషం. పీటీఎస్‌డీ (యుద్ధంలాంటి ఘోరాల తర్వాత మనసుని వదలని గాయం) ఉన్నవాళ్ళకి ఆక్యుపంక్చర్‌లో ముందుగా ఏ పాయింట్ల మీద సూదులు పెట్టాలని అడిగావు. అవి నీ పుస్తకాల్లో ఉన్నాయి. కుర్చీ ఎక్కడ వెయ్యాలన్నది మాత్రం ఎవరూ నేర్పరు.

కూర్చున్నవాళ్ళ వీపు గోడకి ఆనాలి, తలుపు కంటికి కనపడాలి. వీపు మీది పాయింట్లు ఎంత మంచివైనా మొదటి కొన్ని వారాలు బోర్లా పడుకోబెట్టకు. వెనక ఎవరున్నారో కనపడకపోవడం వాళ్ళకి భరించలేని సంగతి. మోక్సా (పాయింట్ల దగ్గర మూలిక కాల్చి వేడి పెట్టడం) జోలికి పోకు, కాలిన వాసన యుద్ధాన్ని గదిలోకి తెచ్చేస్తుంది. స్పిరిట్ వాసన కూడా కొందరికి పడదు, ముందే అడుగు. టైమర్ గంట మోగకూడదు. ముట్టుకునే ముందు ప్రతిసారీ చెప్పు: "ఎడమ చెవి పట్టుకుంటున్నా". వద్దంటే ఆ పూట సూది లేదు. ఊరికే కాసేపు కూర్చుని వెళ్ళినా సరే, ఒక సిట్టింగ్ కిందే రాసుకో.

చెవితో మొదలుపెట్టు. నాడా అనే చెవి సూదుల పద్ధతి 1970లలో న్యూయార్క్‌ సౌత్ బ్రాంక్స్‌లోని లింకన్ హాస్పిటల్‌లో మత్తు అలవాట్లు మాన్పించడం కోసం రూపు దిద్దుకుంది. 2005లో కత్రినా తుపాను బాధితులకీ చెవి సూదులే పెట్టారు. బట్టలు సర్దుకోనక్కర్లేదు, జరిగిందంతా చెప్పనక్కర్లేదు, పదిమందిని ఒకే గదిలో కూర్చోబెట్టి చెయ్యొచ్చు. చెవికి ఐదు సూదులు, ఒక్కోటి ఒక్కో పేరున్న పాయింటు మీద. షెన్‌మెన్, చెవి పైభాగంలోని ముక్కోణపు గుంట పై కొస దగ్గర. సింపథెటిక్, ఆ గుంట కింది గట్టు ముందుకొచ్చి చెవి అంచు మడత కింద దూరేచోట. మడతని వేలితో కాస్త ఎత్తితేగాని కనపడదు, కొత్తవాళ్ళు గురి తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఆ గట్టుకి దిగువన పై దొప్పలో కిడ్నీ, ఇంకాస్త వెనక్కి లివర్. కింది దొప్పలో లంగ్.

సూది మందం 0.20 మి.మీ., పొడవు 13 లేదా 15 మి.మీ. ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగి నిలబడితే చాలు, మృదులాస్థి దాటి అవతలికి రాకూడదు. స్పిరిట్ పూర్తిగా ఆరాకే గుచ్చు, తడి మీద గుచ్చితే మండుతుంది. మామూలుగా 30 నుంచి 45 నిమిషాలు ఉంచుతారు. తొలిసారి వచ్చినవాళ్ళకి ఒక్క షెన్‌మెన్ పెట్టి 15 నిమిషాలకే తీసెయ్. సూదంటేనే హడలేవాళ్ళకి ప్లాస్టర్ మీద అంటించిన వక్కారియా అనే మొక్క చిన్న గింజలు చెవి పాయింట్ల మీద పెట్టు. రోజుకి మూడు నాలుగుసార్లు నొక్కుకోమను, మూడు నాలుగు రోజుల్లో తీసెయ్యమను. తడిసి ఉండిపోతే చర్మం పాడవుతుంది.

చేతికి అద్దం ఇచ్చి సూదులు వాళ్ళనే తీసుకోనిస్తే మంచిది. పది పెడితే పదీ డబ్బాలో పడాలి, లెక్కపెట్టు. చెవి సూది తెలియకుండానే రాలి కాలర్‌లోనో జుట్టులోనో ఇరుక్కుంటుంది. చెవి నుంచి రక్తం తొందరగా వస్తుంది, దూది చేతిలో పెట్టుకునే ఉండు.

ఇక తేడా కొట్టేది రెండు రకాలుగా. మొహం పాలిపోయి, చల్లటి చెమట పట్టి, కళ్ళు తిరుగుతున్నాయంటే అది సూది సొమ్మ. అన్నం తినకుండా వచ్చినవాళ్ళకి ఎక్కువ. అన్ని సూదులూ తీసేసి పడుకోబెట్టు, కాళ్ళు ఎత్తులో పెట్టు. రెండోది అలా కాదు, మనసు పాత యుద్ధంలోకి వెళ్ళిపోతుంది: కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు, కళ్ళు తెరిచే ఉంటాయి, పిలిస్తే పలకడు. చేతులు కుర్చీని బిగించి పట్టుకుని ఉంటాయి. అప్పుడు ముట్టుకోకు. ఎదురుగా కాస్త దూరంలో నిలబడి పేరుతో పిలు, ఈరోజు తేదీ చెప్పు, ఏ ఊళ్ళో ఉన్నాడో చెప్పు, పాదాలు నేలకి నొక్కమను. మనిషి తేరుకుని సరేనన్నాకే సూదులు తియ్యి. ప్రాజోసిన్ వాడేవాళ్ళని ఎప్పుడూ గబుక్కున లేవనివ్వకు. పీడకలలకి ఇచ్చే ఆ మందు బీపీ తగ్గిస్తుంది, లేచీ లేవగానే తూలి పడతారు.

నాలుగైదు సిట్టింగుల తర్వాత ఒంటి మీదికి రా: మణికట్టు దగ్గర హార్ట్ 7, ముంజేతి మీద పెరికార్డియం 6, కనుబొమల మధ్య యిన్‌టాంగ్, పాదం మీద లివర్ 3. పెరికార్డియం 6 కింద మీడియన్ నరం ఉంటుంది. లోతుగా దింపితే చెయ్యంతా కరెంటు కొడుతుంది, ఆ మనిషి మళ్ళీ రాడు. హార్ట్-కిడ్నీ పొసగకపోవడం, లివర్ క్వి (ప్రాణశక్తి) అడ్డుపడటం లాంటి చైనా వైద్యపు లెక్కలు చార్టులో రాసుకో, రోగికి చెప్పకు. 'మీ కిడ్నీ బలహీనం' అంటే డయాలసిస్ గుర్తొచ్చి రాత్రంతా నిద్రపోడు.

ఎంతకాలం అంటావా? 93 మంది మాజీ సైనికుల మీద చేసి 2024లో ప్రచురించిన పరిశోధనలో 24 సిట్టింగులు, ఒక్కోటి గంటసేపు ఇచ్చారు. ఉత్తుత్తి సూదుల కంటే అసలు సూదులకే లక్షణాలు ఎక్కువ తగ్గాయి. అయినా అమెరికా మాజీ సైనికుల శాఖ, రక్షణ శాఖ కలిసి ఇచ్చిన 2023 మార్గదర్శకాలు ఆక్యుపంక్చర్‌కి ఆధారాలు చాలవనే అన్నాయి. ముందు చెయ్యాల్సింది ట్రామా మీద పనిచేసే సైకోథెరపీ. నీ సూది దానికి తోడుగా ఉండాలి, దాని బదులు కాకూడదు. నెలకోసారి పీసీఎల్-5 అనే పీటీఎస్‌డీ లక్షణాల ఫారం నింపించు, స్కోరు 80కి. 10 పాయింట్లు కూడా తగ్గకపోతే ఇంకో పది సిట్టింగులు అంటగట్టకు, సైకియాట్రిస్టుకి రాయి. ఆ ఫారంలో ఆత్మహత్య గురించి ప్రశ్న లేదు, అది నువ్వు నోరు తెరిచి అడగాలి. ఔనంటే ఒంటరిగా ఇంటికి పంపకు. అమెరికాలో మాజీ సైనికుల ఆపత్కాల లైను 988కి ఫోన్ చేసి 1 నొక్కించు, పక్కనే కూర్చో.

నాకు ఎక్కువ భయం మూలికలతోనే. మనసు కుదుటపరిచే పాత చైనా మందుల్లో కొన్నిటిలో ఝూషా ఉంటుంది. అది మన ఇంగిలీకమే, పాదరసం ఉన్న ఖనిజం. చైహు లాంగ్‌గు ములి కషాయం పాత పాఠంలో సీసపు పొడి ఉంది, ఇప్పటి తయారీల్లో తీసేస్తారు. ఇంటర్నెట్‌లో కొన్న సీసాలో ఏముందో మాత్రం ల్యాబ్ రిపోర్టు లేకుండా నమ్మకు. గ్యాన్‌సావ్ అంటే అతిమధురం, ఎక్కువైతే బీపీ పెంచి పొటాషియం తగ్గిస్తుంది. గుయిపి కషాయంలో డాంగ్‌గుయి అనే వేరు ఉంది, రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వాడేవాళ్ళకి ఇవ్వకు. రేగు గింజల కషాయం నిద్రమాత్రలకి తోడైతే మగత ముదురుతుంది. డాక్టరు పీటీఎస్‌డీకి ఇచ్చిన సెర్ట్రలీన్ మాత్ర ఎవరిచేతా మాన్పించకు. ఉన్నపళంగా ఆపితే కలవరం, పాడుకలలు వస్తాయి, జబ్బు తిరగబెట్టిందని నువ్వే పొరబడతావు.

మొదటి నెల చార్టులు పేర్లు కొట్టేసి పంపు. సింపథెటిక్ పెట్టాక చెవి ఫోటో ఒకటి కూడా.

మీ పెద్దనాన్న