ముందు మాట, తర్వాత చప్పుడు

అమ్మలూ,

స్టేజి మీద రేడియో నాటకంలా వేస్తామని నువ్వు పంపిన సంక్రాంతి నాటకం రాత్రే చదివేశా. తాతగారి పడక్కుర్చీని పిల్లలు భోగిమంటలోకి ఎత్తుకుపోయే చోట గట్టిగా నవ్వేశాను కూడా. కానీ ఇది మామూలు స్టేజి నాటకమే, నటులు కాగితాలు పట్టుకుని మైకు ముందు నిలబడితే రేడియో నాటకం అయిపోదు. "తాతయ్య కోపంగా చూస్తాడు" అని రాశావు, ఆ చూపు ఎవడికి వినబడుతుంది? చెంబు ఠంగుమని కింద పెట్టించు, చాలు.

అసలు ఇబ్బంది హరిదాసు సీన్లో ఉంది. "అదిగో హరిదాసు వస్తున్నాడు, తలమీద పాత్ర పెట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని" అని చిన్నపిల్ల చేత చెప్పించావు. ఏ ఇంట్లో పిల్లయినా అలా మాట్లాడుతుందా చెప్పు? "అమ్మా, బియ్యం గిన్నె ఏదే, మలుపు దాకా వచ్చేశాడు" అని పరిగెత్తించు, వెంటనే చిడతలు వినిపించు. పాత్రా గీత్రా జనమే పెట్టుకుంటారు ఆయన నెత్తిమీద. ఉత్త చప్పుడు ఒక్కటే వస్తే అదేంటో ఎవరికీ తెలీదు, నూనెలో అరిసె వేగడం, వాన పడటం మైకులో దాదాపు ఒక్కలాగే ఉంటాయి. "ఎర్రబడిపోతోందే, తియ్యి" అని ఎవరో అరిచాక వస్తే అది అరిసె, "దండెం మీద బట్టలు!" అన్నాక వస్తే అదే వాన. కాబట్టి చప్పుడు కంటే ముందు ఒక మాట పడాలి, అదీ జనానికి చెప్తున్నట్టు కాదు, ఆ మనిషికి అప్పుడు ఏదో అవసరం పడి అన్నట్టు ఉండాలి.

ఇంకోటి, భోగి సీన్ తెల్లారిపోయాక ఎందుకు పెట్టావు? 1924 జనవరి 15న బీబీసీలో ఒక నాటకం వేశారు, రేడియో కోసమే రాసిన తొలి నాటకాల్లో అదొకటి. బొగ్గుగనిలో దీపాలారిపోయి మనుషులు చీకట్లో ఇరుక్కుంటారు, అంటే వినేవాడికీ కనబడదు, పాత్రలకీ కనబడదు, ఇద్దరిదీ ఒకటే అవస్థ. నీకు ఆ చీకటి ఫ్రీగా దొరికింది కదమ్మా! తెల్లవారుజామున నాలుగింటికి పెట్టు, మంచు, కరెంటు లేదు, కుర్చీ మోస్తున్నవాళ్ళలో ఎవడి కాలు ఎవడు తొక్కాడో తెలీదు, నోరు మూసుకోండ్రా అన్నవాడే అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు... ఆ సీన్ నాకే రాయాలనిపిస్తోంది.

సౌండ్ ఎఫెక్ట్స్ టేబుల్ని తెర వెనక దాచకండి, స్టేజి మీదే పెట్టండి. ఎలా చేస్తున్నారో కనబడితే మజా పోతుందని మీ డైరెక్టర్ అంటున్నాడట, అదేం లేదు. చిప్స్ ప్యాకెట్ నలిపితే భోగిమంట చిటపటలాడటం, చేటలో రాగులు మెల్లగా అటూ ఇటూ వంచితే ఆర్కే బీచ్ కెరటం రావడం, ఇవి చూడ్డానికే సగం మంది వస్తారు. ఒకటే జాగ్రత్త, ఆ టైములో కళ్ళన్నీ అటే ఉంటాయి కాబట్టి మంచి డైలాగు అప్పుడు వెయ్యకు, దండగైపోతుంది.

పాత్రలు తగ్గించు, ఇద్దరు పిన్నిల గొంతులూ ఒకలాగే ఉంటే ఎవరెవరో తెలీదు, ఒకరిని మావయ్యగా మార్చెయ్. దూరం నుంచి పిలవాలంటే గొంతు తగ్గించడం కాదు, మైకుకి రెండడుగులు వెనక్కెళ్ళి మొహం పక్కకి తిప్పి గట్టిగా పిలవాలి. భ, ఫ లాంటివి సూటిగా మైకులోకి అంటే ఫట్‌మని పేలతాయి, మీ నాటకంలో భోగి భోగి అని పదిసార్లుంది మరి, కాస్త పక్కనుంచి పలకమను. స్క్రిప్ట్ కాగితాలకి పిన్ను కొట్టొద్దు, ఒకవైపే ప్రింటు తీసి, అయిపోయిన కాగితం మైకులో చప్పుడు పడకుండా నెమ్మదిగా కిందికి దించాలి.

డేట్ సంగతి. పండగ రోజుల్లో కళాభారతి హాలు దొరికినా గురజాడ కళాక్షేత్రం దొరికినా తీసుకోకండి. ఆ వారం వైజాగ్‌లో సగం జనం ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనే ఉంటారు, శ్రీకాకుళం బస్సు కోసం. వారం ముందు ఆదివారం చూసుకోండి, లేదంటే మీ హరిదాసు వేషగాడే సంచి సర్దుకుని ఊరెళ్ళిపోతాడు.